మందు మాన్పించాలనుకునే ఇంటివారికి: మొదటి నాలుగు రోజులు, ఆ తరువాతి ఏడాది

అనంతపురం జిల్లాలోని మా మేనమామ ఒక ఏడు కార్తీక మాసంలో అయ్యప్ప మాల వేసుకున్నారు. పద్దెనిమిదేళ్లుగా రోజూ తాగుతున్న మనిషి, మాల మెడలో పడిన పొద్దు నుంచి ఒక్క చుక్క ముట్టకపోవడంతో ఇల్లంతా సంబరపడింది. రెండో రోజు ఆయన చేతులు వణికాయి, ఒళ్లంతా చెమటలు పట్టాయి. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం పడలేదేమోనని అనుకున్నాం. మూడో రాత్రి ఆయన చాప మీద కూర్చుని, దుప్పట్లోంచి లేని చెనిక్కాయలను ఒక్కొక్కటే తెంపి, మన్ను దులిపి, పక్కన కుప్ప పోయడం మొదలుపెట్టారు. "పదునుండంగానే పీకల్ల, తొందరగా రాండి" అని మా అత్తను కేకలేశారు. గాలి సోకిందని ఎవరో అనడంతో తాయెత్తు కట్టించడానికే ఒక పూట గడిచిపోయింది. మరునాడు ఒళ్లు కాలిపోతూ, కన్నకొడుకునే గుర్తుపట్టలేని స్థితికి వచ్చాక ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ డాక్టరు అడిగిన మొదటి మాట, "ఆఖరిసారి ఎప్పుడు తాగినాడు, ఎంత తాగినాడు?" అని. మాలో ఒక్కరికీ సరైన జవాబు తెలియదు.

ఆయన బతికారు. అయితే మానడం మంచిదే అయినా, మానే పద్ధతి తెలియకపోవడం ప్రాణం మీదికి తెస్తుందని ఆ రోజుదాకా మాకు ఎవరూ చెప్పలేదు. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో ఇదే పరిస్థితిలో ఉన్న ఇంటివారి కోసం, ముందు ఏమి చేయాలో, తరువాత ఏమి చేయాలో వరుసగా రాస్తున్నాను.

ఎందుకు మానలేకపోతున్నారో ముందు తెలుసుకోండి

మెదడును ఎద్దులబండిగా ఊహించుకోండి. గాబా అనే రసాయనం పగ్గం పట్టి ఎద్దులను నిదానింపజేస్తుంది. గ్లుటమేట్ అనేది చెర్నాకోలలాగా ఉరికిస్తుంది. మద్యం లోపలికి వెళ్లినప్పుడల్లా పగ్గం బిగుస్తుంది, అందుకే తాగినవారికి మొదట హాయిగా, తరువాత మత్తుగా ఉంటుంది. ఏళ్ల తరబడి రోజూ ఇలా జరుగుతూ ఉంటే మెదడు దానికి సర్దుకుని, తన సొంత పగ్గాన్ని వదులు చేసుకుంటుంది, చెర్నాకోల దెబ్బలను పెంచుకుంటుంది. అలాంటి స్థితిలో మద్యం ఒక్కసారిగా ఆగిపోతే బండిని నిలిపేవారు ఉండరు. వణుకు, చెమట, గుండెదడ, నిద్ర పట్టకపోవడం, ఫిట్స్, మతిభ్రమ అన్నీ అందులోంచి వచ్చేవే. పొద్దున్నే ఒక పెగ్గు పడితే గానీ చెయ్యి నిలవని మనిషి సుఖం కోసం తాగడం లేదు. ఈ బాధను తప్పించుకోవడానికి తాగుతున్నాడు. దాన్ని సిగ్గులేనితనమని తిట్టినంతకాలం మనకూ అతనికీ మధ్య మాట సాగదు.

ఇంత దూరం ఎందుకు వచ్చిందన్నదానికి ఒకే కారణం ఉండదు. కవల పిల్లల మీద జరిగిన పరిశోధనలను బట్టి, ఈ వ్యసనానికి లోనయ్యే స్వభావంలో సుమారు సగం వంశపారంపర్యంగా వస్తుందని తేలింది. తండ్రికీ తాతకూ ఈ అలవాటు ఉన్న ఇంట్లో కుర్రవాడు పదిహేనేళ్లకే సీసా పట్టుకుంటే ప్రమాదం మరింత పెరుగుతుంది. మిగిలిన సగం బతుకులో ఉంది. బేతంచెర్ల, తాడిపత్రి వైపు నాపరాళ్లు మోసి నడుము నొప్పితో తాగడం మొదలుపెట్టినవారు ఉన్నారు. బోరు పడక, అప్పు తీరక, నిద్ర పట్టక మొదలుపెట్టినవారు ఉన్నారు. ఏళ్లుగా మనసులో దిగులు ఉండి, అది జబ్బని తెలియక తాగుడుతో కప్పిపుచ్చుకున్నవారు ఉన్నారు. వీధి చివర బెల్టు షాపు ఉండటం, కర్ణాటక సరిహద్దు గ్రామాల్లో తక్కువ ధరకు మద్యం టెట్రా ప్యాకెట్లు దొరకడం వీటన్నింటికీ తోడవుతాయి. కారణం తెలిసినంత మాత్రాన తాగుడు ఆగదు. కానీ నడుము నొప్పికీ, దిగులుకూ కూడా వైద్యం చేయించకపోతే మానిపించిన మందు మళ్లీ ఇంటికి వస్తుంది కాబట్టి, ఈ సంగతులను డాక్టరు దగ్గర దాచవద్దు.

ఒక వారం లెక్క రాయండి

మాన్పించే ప్రయత్నానికి ముందు, ఏడు రోజులపాటు గోల చేయకుండా ఒక పాత క్యాలెండరు వెనుక లెక్క రాయండి. ఏమి తాగారు, ఎంత, మొదటిది ఎన్ని గంటలకు, చివరిది ఎన్ని గంటలకు అన్నవి చాలు. "కొంచెమే తాగుతాడు" అన్న మాట ఆసుపత్రిలో ఉపయోగపడదు. మన దగ్గర అమ్మే బ్రాందీ, విస్కీ సీసాల మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. ఆ లెక్కన 180 మిల్లీలీటర్ల క్వార్టరులో సుమారు 60 గ్రాముల శుద్ధ ఆల్కహాలు ఉంటుంది. 30 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 10 గ్రాములు. 90 మిల్లీలీటర్ల ప్యాకెట్లు రెండు కలిస్తే ఒక క్వార్టరు అవుతుంది. నాటుసారాకు ఇలాంటి కొలత ఉండదు కాబట్టి గ్లాసుల లెక్క రాయండి.

లెక్కతోపాటు నాలుగు విషయాలను గమనించండి: నిద్ర లేవగానే తాగవలసి వస్తోందా, తాగడం ఆలస్యమైతే చేతులు వణుకుతున్నాయా, మునుపు ఎప్పుడైనా మానినప్పుడు ఫిట్స్ గానీ మతిభ్రమ గానీ వచ్చిందా, భోజనం బాగా తగ్గిపోయిందా. వీటిలో మూడోది అన్నింటికంటే ముఖ్యం, ఎందుకంటే ఒకసారి ఫిట్స్ వచ్చినవారికి తరువాతి సారి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. ఆసుపత్రిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన పది ప్రశ్నల పరీక్ష ఒకటి పెడతారు. దాన్ని ఆడిట్ అంటారు. 40 మార్కుల్లో 8 లేదా అంతకు మించి వస్తే అలవాటు హానికరంగా మారిందని, 20 లేదా అంతకు మించి వస్తే వ్యసనంగా ముదిరి ఉండవచ్చని అర్థం. మీ వారం లెక్క చేతిలో ఉంటే ఆ ప్రశ్నలకు జవాబులు నిజానికి దగ్గరగా వస్తాయి.

మాట కదపడం

మత్తులో ఉన్నప్పుడు మాట్లాడవద్దు. అది గొడవకే దారి తీస్తుంది. నలుగురిని పోగుచేసి పంచాయతీ పెట్టవద్దు. పరువు పోయిందన్న కోపంతో ఆ రాత్రి ఇంకొంచెం ఎక్కువ తాగుతారు. పిల్లల తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకోవడం మన ఇళ్లలో ఎక్కువ, కానీ ఆ ఒట్టు తప్పిన రోజున తండ్రికి మిగిలేది అపరాధభావమే, పిల్లలకు మిగిలేది భయమే. పొద్దున, మనిషి కాస్త తేటగా ఉన్నప్పుడు, అతను వినే ఒక్కరు మాట్లాడితే చాలు. తాగుడు పేరు ఎత్తకుండా కళ్లకు కనిపిస్తున్న బాధ గురించే చెప్పండి. "నాయనా, రాత్రంతా నిద్ర పట్టలేదు కదా, చేతులు చూడు ఎట్లా వణుకుతున్నాయో. పెద్దాసుపత్రికి పోయి చూపించుకొని వద్దాం, నేనూ వస్తా" అన్న కొడుకు మాటకు ఒప్పుకున్న తండ్రులను నేను చూశాను. మొదటిసారి కాదన్నా వారం తరువాత మళ్లీ అడగండి. కడుపు నొప్పి వచ్చినప్పుడు, కళ్లు పచ్చబడినప్పుడు, కింద పడి దెబ్బ తగిలినప్పుడు మనసు మెత్తబడుతుంది.

ఎక్కడికి వెళ్లాలి

కర్నూలువారు పెద్దాసుపత్రి అని పిలుచుకునే ప్రభుత్వ సర్వజన వైద్యశాల, అనంతపురం సర్వజనాసుపత్రి, రిమ్స్ అని అందరికీ తెలిసిన కడప ఆసుపత్రి, ఈ మూడూ ప్రభుత్వ వైద్య కళాశాలలకు అనుబంధంగా ఉన్నవే. వాటిలో మానసిక వైద్య విభాగం ఓపీకి వెళ్లి, తాగుడు మాన్పించే చికిత్స కోసం వచ్చామని చెప్పండి. "మేము పిచ్చాసుపత్రికి రాము" అనేవారికి, ఫిట్స్ రాకుండా మందులిచ్చే డాక్టరు ఆ గదిలోనే ఉంటారని నచ్చజెప్పండి. వెళ్లే ముందు ఫోనులో మాట్లాడాలనుకుంటే రెండు నంబర్లు గుర్తుంచుకోండి: మానసిక ఆరోగ్య సలహాల కోసం పగలూ రాత్రీ తెలుగులోనూ పలికే టెలీమానస్ 14416, మత్తు విముక్తి సలహాల కోసం జాతీయ హెల్ప్‌లైన్ 14446. రెండింటికీ డబ్బు ఖర్చు కాదు. బయలుదేరేటప్పుడు ఆధార్ కార్డు, బీపీ, షుగర్ మాత్రల చీటీలు, క్యాలెండరు లెక్క, పక్కన ఉండడానికి ఒక మనిషి ఉంటే సరిపోతుంది.

ప్రైవేటు డీఅడిక్షన్ కేంద్రాల్లో మంచివి ఉన్నాయి, చెడ్డవీ ఉన్నాయి. మా బంధువుల అబ్బాయిని ఒకచోట మూడు నెలలు ఉంచి, ఫోను చేయనివ్వకుండా, మందుల చీటీ కూడా చూపకుండా పంపించారు. చేతుల మీద తాళ్ల గుర్తులు ఉన్నాయి. డబ్బు కట్టే ముందు మీరు స్వయంగా లోపలికి వెళ్లి చూడండి. మానసిక వైద్యుడు వారానికి ఎన్నిసార్లు వస్తారో, రాత్రి నర్సు ఉంటారో లేదో, ఇంటివారిని కలవనిస్తారో లేదో అడగండి, రిజిస్ట్రేషన్ పత్రం చూపించమనండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. ఎవరినైనా గొలుసులతో కట్టివేయడాన్ని ఆ చట్టంలోని 95వ సెక్షన్ నిషేధించింది. "మా దగ్గర కొట్టి మాన్పిస్తాం" అని ఎవరైనా గొప్పగా చెప్పుకుంటే ఆ గుమ్మం దాటి వచ్చేయండి.

మొదటి నాలుగు రోజులు

ఈ భాగాన్ని రెండుసార్లు చదవమని నా విన్నపం. రోజూ ఎక్కువగా తాగే మనిషి డాక్టరును కలవకముందే ఇంట్లో అకస్మాత్తుగా మానివేయకూడదు. ఆసుపత్రికి వెళ్లడం ఎల్లుండి కుదురుతుందంటే, ఆ ఎల్లుండి దాకా బలవంతంగా ఆపించి గదిలో పెట్టి తాళం వేయవద్దు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల దుకాణాలు ఒక్కసారిగా మూతపడినప్పుడు ఎన్నో ఇళ్లు ఈ ప్రమాదాన్ని చూశాయి. మాల వేసుకున్నప్పుడు, జైలుకు వెళ్లినప్పుడు, కాలు విరిగి వేరే వార్డులో చేరినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. ఆ వార్డు డాక్టరుకు ఈయన రోజూ తాగుతారన్న సంగతి మీరే చెప్పాలి.

చివరిసారి తాగిన గంటను కాగితం మీద రాసుకోండి. అక్కడి నుంచి ఆరు గంటలు దాటాక వణుకు, చెమట, వాంతి, ఆందోళన మొదలవుతాయి. ఫిట్స్ సాధారణంగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతిభ్రమ వస్తుంది: పగలో రాత్రో తెలియదు, గోడ మీద పురుగులు పాకుతున్నట్లు కనిపిస్తాయి, లేని మనుషులతో మాట్లాడతారు, తమ రోజువారీ పనిని గాలిలో చేసుకుపోతుంటారు. మా మామ చెనిక్కాయలు తెంపింది ఈ స్థితిలోనే. డ్రైవరైతే స్టీరింగు తిప్పుతాడు, దర్జీ అయితే బట్ట కుడతాడు. దీన్ని వైద్యులు డెలీరియం ట్రెమెన్స్ అంటారు. ఫిట్స్ వచ్చినా, మాట తడబడి మనుషులను గుర్తుపట్టకపోయినా, జ్వరంతో ఒళ్లు కాలుతున్నా ఇంట్లో ఆగవద్దు. 108కి ఫోను చేయండి. ఫిట్స్ వస్తున్నప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టవద్దు, చేతికి తాళాలగుత్తి ఇచ్చి కాలయాపన చేయవద్దు.

ఆసుపత్రిలో డయాజెపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్ వంటి మందులతో వదులైన ఆ పగ్గాన్ని తాత్కాలికంగా బిగించి, కొద్ది రోజుల్లో మోతాదును మెల్లగా తగ్గిస్తారు. కాలేయం బాగా చెడిపోయినవారికి లోరాజెపామ్ వాడతారు. ఈ మాత్రలను మందుల షాపులో అడిగి సొంతంగా వాడకూడదు, ఎందుకంటే వాటి మీద తాగితే ఊపిరి మందగిస్తుంది, డాక్టరు చెప్పిన గడువు దాటి వాడితే వాటికే అలవాటు పడతారు. దానితోపాటు బీ1 విటమిన్, అంటే థయమిన్, ఇంజెక్షన్ రూపంలో ఇస్తారు. తిండి మానేసి ఏళ్లుగా తాగిన ఒంట్లో ఈ విటమిన్ అడుగంటి ఉంటుంది. అది లేకపోతే చూపు అదరడం, నడక తూలడం, జ్ఞాపకం శాశ్వతంగా పోవడం జరగవచ్చు. నీరసంగా ఉన్నారని ఊళ్లోనే ఒట్టి గ్లూకోజు సీసా ఎక్కించడం ఇలాంటివారికి కీడు చేయవచ్చు, కాబట్టి గ్లూకోజు ఎక్కించే చోట ముందుగా థయమిన్ ఇచ్చారా అని అడగడానికి మొహమాటపడవద్దు.

సాంబారులో కలిపే మందు

"ఆయనకు తెలియకుండా అన్నంలో కలిపితే మానేస్తాడు" అని పొడులు, మాత్రలు అమ్మేవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాటిలో ఏమి కలిపారో మనకు తెలియదు. చాలాసార్లు అనుమానించవలసినది డైసల్ఫిరామ్ అనే మందును. మద్యం శరీరంలో విరిగేటప్పుడు పుట్టే విషపదార్థాన్ని తొలగించే ఎంజైమును ఈ మందు అడ్డుకుంటుంది. అందువల్ల దాని మీద తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె వేగం పెరిగి, బీపీ పడిపోతుంది. గుండెజబ్బు ఉన్నవారికి ప్రాణాపాయం. చివరి మాత్ర వేసుకున్న రెండు వారాల దాకా ఈ ప్రమాదం ఉంటుంది. మనిషికి అంతా చెప్పి, అతని సమ్మతితో, గుండె, కాలేయం పరీక్షించి, ఇంటివారు ఎదురుగా ఉండి వేయించినప్పుడు మాత్రమే అది పనికివచ్చే మందు. దొంగచాటుగా కలిపిన భార్య ఆ ప్రేమతోనే భర్త ప్రాణాన్ని పందెం పెడుతోంది, నిజం తెలిసిన రోజు అతను ఆమె చేతి అన్నం మీద నమ్మకం కూడా పోగొట్టుకుంటాడు.

కల్లు, మాత్రలు, గంజాయి

కల్తీ కల్లులో ఆల్‌ప్రజోలామ్, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలుపుతారు కనుక, దాన్ని రోజూ తాగేవారు మానినా ఫిట్స్, మతిభ్రమ రావచ్చు. "కల్లే కదా" అని తేలికగా తీసుకోవద్దు. సారా తాగిన తరువాత చూపు మసకబారితే మిథనాలు కలిసిందని అనుమానించి అదే గంటలో ఆసుపత్రికి చేర్చండి. నొప్పి మాత్రలకు, ఓపియం రకం మందులకు అలవాటుపడినవారికి బ్యుప్రినార్ఫిన్‌తో చికిత్స ఉంది. వారు కొంతకాలం మాని మళ్లీ పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఎక్కువ. గంజాయికి ప్రత్యేకమైన మాత్ర లేదు, కౌన్సెలింగే ప్రధానం. చెవిలో మాటలు వినిపిస్తున్నాయనో, అందరూ తన మీద కుట్ర చేస్తున్నారనో అంటే మాత్రం వెంటనే మానసిక వైద్యుడికి చూపించాలి. కేసు పెడతారన్న భయంతో కొడుకును దాచిపెట్టే తల్లిదండ్రులకు ఒక మాట: స్వయంగా ముందుకు వచ్చి గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్స పూర్తి చేసుకునే వ్యసనపరుడికి, వాడకం లేదా చిన్న పరిమాణానికి సంబంధించిన కేసుల విషయంలో, 1985 మాదకద్రవ్యాల చట్టంలోని 64ఏ సెక్షన్ రక్షణ కల్పిస్తోంది.

ఆ తరువాతి ఏడాది

వారం రోజుల్లో వణుకు తగ్గి, అన్నం సహించి, ముఖం తేటపడగానే "నయమైపోయింది" అని మందులు ఆపేయడం అందరూ చేసే తప్పు. ఆ వారంలో శరీరం మాత్రమే సర్దుకుంది. కోరిక అలాగే ఉంది. నాల్‌ట్రెక్సోన్ అనే మాత్ర మద్యం తాగితే కలిగే హాయిని తగ్గిస్తుంది, అకాంప్రొసేట్ అనేది కోరికను తగ్గిస్తుంది, కొందరికి బాక్లోఫెన్ ఇస్తారు. ఏది ఎవరికన్నది కాలేయం, మూత్రపిండాల పరీక్షలను బట్టి డాక్టరు నిర్ణయిస్తారు. నెలకొకసారి ఓపీకి వెళ్లే తేదీని సంక్రాంతి పండుగ తేదీలాగా ముందే గుర్తుపెట్టుకోండి.

కోరిక అలలాగా వస్తుంది. చాలాసార్లు అరగంటలోపే విరిగిపోతుంది. ఆ అరగంటలో ఏమి చేయాలో ముందే నిర్ణయించుకోవాలి: చల్లని మజ్జిగ తాగడం, ఒక మనిషికి ఫోను చేయడం, బెల్టు షాపు లేని దారిలో నడవడం. ఆకలి, అలసట, కోపం, ఒంటరితనం ఉన్న పూట కోరిక ఎక్కువగా లేస్తుంది కాబట్టి సాయంత్రం ఆరు గంటలకే అన్నం పెట్టే ఇల్లు సగం పని చేసినట్లే. కూలి డబ్బు చేతికొచ్చే శనివారం సాయంత్రం, ఊరి జాతర, పెళ్లి ఊరేగింపు, చావు ఇల్లు, ఈ నాలుగు సందర్భాలను మొదటి ఏడాది జాగ్రత్తగా దాటించాలి. కూలి డబ్బును అతనే తన ఇష్టంతో ఇంట్లో ఇచ్చేలా ఒప్పందం చేసుకోండి. లాక్కుంటే ఒప్పందం నిలవదు. 1935లో అమెరికాలో మొదలై 1957 నుంచి మన దేశంలో నడుస్తున్న ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు దగ్గరలో ఉంటే పంపండి. అక్కడ ఫీజు అడగరు, ఇంటిపేరు అడగరు. మానినవాడు మానలేకపోతున్నవాడితో మాట్లాడే మాటకు మన మాటకు లేని బలం ఉంటుంది.

ఒకవేళ ఒకరోజు తాగి ఇంటికి వస్తే ఆ రాత్రి ఏమీ అనవద్దు. బీపీ, షుగర్ మళ్లీ పెరిగినప్పుడు మనం ఎలా డాక్టరు దగ్గరకు వెళ్తామో అలాగే మరునాడు ఓపీకి తీసుకువెళ్లండి, ఏ సందర్భంలో తాగారో చెప్పండి. ఒక్క రోజు జారిన మనిషి వారంలోపు చికిత్సకు తిరిగి వస్తే నష్టం చిన్నది. సిగ్గుతో మూడు నెలలు ముఖం చాటేస్తే మొదటి నాలుగు రోజుల ప్రమాదం మళ్లీ ఎదురవుతుంది.

ఇంత ఓర్పు చూపమంటున్నాను గానీ, దెబ్బలు తినమని ఏ స్త్రీకీ చెప్పను. కొడుతుంటే పిల్లలతో పుట్టింటికో, పక్కింటికో వెళ్లండి. 112కి, మహిళల కోసం ఉన్న 181కి ఫోను చేయండి. 2005 గృహహింస చట్టం కింద రక్షణ కోరడానికి మీకు హక్కు ఉంది. అతను జబ్బుతో ఉన్నాడన్నది మిమ్మల్ని కొట్టడానికి అనుమతి కాదు. చచ్చిపోతానని అతను అంటే అది తాగిన మాటని కొట్టిపారేయకండి, ఇంట్లో పురుగుల మందు డబ్బాలు ఉంటే ఆ రోజే బయటికి తీసేయండి, 14416కి ఫోను చేయండి.

మాల వేసుకోవాలనుకునేవారు దీక్షకు కనీసం రెండు వారాల ముందే డాక్టరును కలవండి, మాల తీసే తేదీ తరువాతి రోజుకు కూడా ఓపీ తేదీ తీసుకోండి, ఎందుకంటే నలభై ఒక్క రోజులు నిలిచినవారు ఎక్కువగా జారేది మాల తీసిన సాయంత్రమే. మా మామ మరుసటి కార్తీకంలో మళ్లీ మాల వేసుకున్నారు. అప్పటికి ఆయన మానేసి పదకొండు నెలలు దాటింది. శబరిమల నుంచి వచ్చిన మరునాడు పొద్దున్నే మా అత్త జొన్నరొట్టెలు మూటగట్టి, ఆయన ఓపీ చీటీని కొంగున ముడివేసుకుని, ఇద్దరూ అనంతపురం బస్సు ఎక్కారు.